సీటు కింద కాగితం

1964 మార్చి నెల 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక అట్ట మీద రెండు కార్లు పోటాపోటీగా దూసుకుపోతున్న బొమ్మ వేశారు. ఒకటి ఇటలీ వాళ్ల ఫెరారీ జీటీఓ. రెండోది అదే పేరు పెట్టుకున్న అమెరికన్ కారు, పాంటియాక్ జీటీఓ. లోపలి పేజీల్లో పరీక్ష వివరాలున్నాయి. కదలకుండా ఉన్న పాంటియాక్ గంటకు అరవై మైళ్ల వేగం అందుకోవడానికి 4.6 సెకన్లు పట్టిందని రాశారు. అప్పటికి అది మామూలు మనిషి కొనగలిగిన కారు. అమెరికా కుర్రకారు ఆ అంకె పట్టుకుని షోరూముల ముందు వరస కట్టింది.

నిజానికి ఆ రెండు కార్లూ ఒక్క గజం కూడా కలిసి పరుగెత్తలేదు. అట్ట మీది పోటీ చిత్రకారుడు గీసింది మాత్రమే. ఫ్లోరిడాలోని డేటోనాలో పత్రిక వాళ్ల చేతికిచ్చిన పాంటియాక్‌లో, జనానికి అమ్ముతున్న 389 ఘనపు అంగుళాల ఇంజను లేదు. చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండే 421 ఇంజను ఉంది. అంటే 6.4 లీటర్ల ఇంజను అని చెప్పి 6.9 లీటర్లది నడిపించారు. ఈ కథ నడిపిన ప్రచార నిపుణుడు జిమ్ వాంగర్స్ ఆ సంగతిని 1998లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో స్వయంగా ఒప్పుకున్నారు. ఆయన వెనక ఉన్నది డెట్రాయిట్ పక్కన రాయల్ ఓక్‌లోని రాయల్ పాంటియాక్ అనే డీలరు షెడ్డు.

టీవీలో పాత మజిల్ కార్లను, అంటే మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టిన ఇలాంటివాటిని, బాగుచేసే కార్యక్రమాల మీద వచ్చే వాదాలన్నీ విన్నప్పుడు నాకు ముందుగా ఈ పత్రికే గుర్తొస్తుంది. ఏది అసలు, ఏది నకలు, ఎవరు ఎవర్ని నమ్మించారు అన్న గొడవ టీవీ తెచ్చిపెట్టింది కాదు. ఈ కార్లతో పాటే పుట్టింది. నేను డెట్రాయిట్ శివారులో కార్ల రంగుల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసేవారు. లప్పం ఎక్కడ పెట్టారో, ఎంత మందాన పెట్టారో వేలితో తట్టి చెప్పే ఇంట్లో పెరిగాను. అందుకని ఈ కార్యక్రమాలు చూస్తే సరదా కంటే పట్టింపే ఎక్కువ నాకు.

జీటీఓ పుట్టుక గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాతి తగాదాలన్నిటికీ బీజం అక్కడే ఉంది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం పందేల నుంచి తప్పుకోమని తన విభాగాలన్నిటినీ ఆదేశించింది. పాంటియాక్ పేరంతా పందేల మీద వచ్చిందే. దాని చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు మరో దారి వెతికారు. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలు మించిన ఇంజను పెట్టరాదని కంపెనీలో నియమం ఉండేది. ఆ నియమం కొత్త మోడళ్లకే గానీ, కొనేవాడు అదనంగా కోరుకునే సదుపాయాలకు కాదని వీళ్లు కనిపెట్టారు. అలా టెంపెస్ట్ లెమాన్స్ అనే బుద్ధిమంతురాలైన కారుకు ఆర్డరు ఫారంలో ఒక అదనపు ఐచ్ఛికంగా 389 ఇంజను చేరింది. ధర 295 డాలర్ల 90 సెంట్లు. పైవాళ్లు అయిదు వేలకు మించి చేయొద్దన్నారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి.

అంటే మొదటి మజిల్ కారుగా పేరుపడ్డది ఒక మోడల్ కాదు, ఆర్డరు కాగితం మీద ఒక టిక్కు. 1964, 65ల జీటీఓకు ప్రత్యేకమైన వాహన సంఖ్య లేదు. దాని మీద ఉన్న నంబరు లెమాన్స్‌దే. 1966లో విడి మోడల్ అయ్యాకే నంబరు చూసి జీటీఓ అని చెప్పగలిగారు. షెవ్రలేలో పరిస్థితి ఇంకా చిక్కు. 1969, 70 షెవెల్ కారు వాహన సంఖ్య చూస్తే అందులో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉందని తెలుస్తుంది, అది పేరున్న ఎస్ఎస్ రకమో కాదో తెలియదు. 1967 నుంచి 71 దాకా వచ్చిన కమారో జడ్/28 కూడా అంతే. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా ఓ మామూలు షెవెల్ తెచ్చి, పెద్ద ఇంజను ఎక్కించి, బోనెట్ మీద చారలు దిద్ది, ఎస్ఎస్ బిళ్లలు తగిలిస్తే, బయటి నుంచి చూసి కాదనగలిగేవాడు లేడు. క్రైస్లర్ వాళ్లు మాత్రం మేలు చేశారు. 1970 నాటి వాళ్ల వాహన సంఖ్యలో అయిదో అక్షరం 'ఆర్' అయితే అందులో 426 హెమీ ఇంజను పెట్టి పంపారని అర్థం.

పొలం కొనేటప్పుడు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు చూడండి, ఈ కార్లకూ అదే పద్ధతి కావాల్సి వచ్చింది. పాంటియాక్ కార్లకు ఫ్యాక్టరీ ఇన్వాయిస్ నకళ్లు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ల దగ్గర దొరుకుతాయి. 1967 నుంచి వచ్చిన ఫోర్డు కార్ల తయారీ రికార్డులు కెవిన్ మార్టీ అనే అరిజోనా మనిషి ఫోర్డు నుంచి అనుమతి తీసుకుని భద్రపరిచారు. క్రైస్లర్ కార్లకు బ్రాడ్‌కాస్ట్ షీటు అని ఒకటుంది. అసెంబ్లీ లైను మీద ఏ కారుకు ఏ సీటు, ఏ ఇరుసు, ఏ రంగు అని కోడ్‌లలో అచ్చేసిన కాగితం. పని అయ్యాక దాన్ని కార్మికులు వెనక సీటు స్ప్రింగుల్లో దూర్చేసేవారు. ఎవరూ దాచాలని దాచలేదు. పారేయాల్సిన చెత్తకు దగ్గర్లో దొరికిన చోటు అది. ఈనాడు ఆ ఎలుకలు కొరికిన కాగితం దొరికితే కారు విలువే మారిపోతుంది.

మజిల్ కార్ల ముచ్చట పదేళ్లు కూడా నిలవలేదు. 1970లో షెవెల్‌కు 450 అశ్వశక్తుల ఇంజను ఇచ్చిన కంపెనీయే మరుసటేడు ఇంజన్ల కంప్రెషన్ తగ్గించింది. బీమా కంపెనీలు కుర్రవాళ్ల దగ్గర ప్రీమియం పిండేశాయి, 1970 కాలుష్య చట్టం వచ్చింది, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. ఆ తర్వాత ఇవి చవక రకం పాత కార్లు. కాలేజీ కుర్రాళ్లు కొని, ఇంజను కాలిపోతే ఏది దొరికితే అది బిగించి, చెట్లకు గుద్ది వదిలేశారు. తర్వాతి తరం 'అసలు ఇంజనే ఉందా' అని గగ్గోలు పెట్టడానికి కారణం ఈ నిర్లక్ష్యపు ఏళ్లే.

ఆ ఏళ్లలోనే టీవీ వీటిని చేరదీసింది, నుజ్జు చేయడానికి. 1979 నుంచి 85 దాకా సీబీఎస్‌లో వచ్చిన 'ది డ్యూక్స్ ఆఫ్ హాజర్డ్' ధారావాహికలో అసలు కథానాయకుడు జనరల్ లీ అనే నారింజ రంగు 1969 డాడ్జ్ చార్జర్. ప్రతి వారం అది వాగుల మీంచీ గడ్డివాముల మీంచీ ఎగరాలి. ఎగిరిన కారు మళ్లీ పనికిరాదు. మొత్తమ్మీద 300కు పైగా చార్జర్లు ఆ పనికి ఖర్చయ్యాయని లెక్క. 1969వి దొరక్కపోతే 1968, 70 కార్లు తెచ్చి, ముందు జాలీలు, వెనక దీపాలు మార్చి 1969లా చూపించారు. అంటే ఇంటింటా పిల్లలు గుండెల్లో పెట్టుకున్న ఆ అసలైన కారు చాలా ఎపిసోడ్లలో వేషమే.

ఆ వరసలో మొట్టమొదట గాల్లోకి లేచిన కారు కథ నన్ను చాలా కాలంగా వెంటాడుతోంది. 1978 నవంబరులో జార్జియా రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఆవరణలో దాన్ని ఎగరేశారు. కార్యక్రమం మొదట్లో ప్రతి వారం చూపించే గెంతు అదే. కిందపడ్డాక ముందు భాగం నలిగిపోయింది. చివరికి తుక్కు కొట్టుకు చేరింది. ఏళ్ల తర్వాత అభిమానులు దాన్ని వెతికి పట్టుకున్నారు, పూర్తిగా బాగుచేశారు. 2012లో బారెట్-జాక్సన్ వేలంలో గోల్ఫ్ ఆటగాడు బబ్బా వాట్సన్ 1,10,000 డాలర్లకు కొన్నారు. దాన్ని అంత చక్కగా సరిచేయడం నాకు మింగుడుపడదు. ఆ కారును మిగతా చార్జర్ల నుంచి వేరు చేసేది ఒక్కటే, ఆ గెంతులో వంగిన ఇనుము. ఆ వంపు తీసి కొత్త రేకు వేశాక మిగిలింది మంచి నారింజ రంగు చార్జరు. నా చేతికొస్తే తుప్పు ఆపి, వంపు అలాగే ఉంచేవాణ్ణి.

ఆ కారు పైకప్పు మీద ఇంకో సమస్య ఉంది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండా. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను ఒక జాత్యహంకారి కాల్చి చంపాక, టీవీ ల్యాండ్ ఛానెల్ ఆ ధారావాహిక పునఃప్రసారాలు ఆపేసింది. వాట్సన్ జెండా మీద రంగేయిస్తానన్నారు. చరిత్రను చెరిపేస్తున్నాడని అభిమానులు గోల పెట్టారు. వంపు సరిచేసినప్పుడు ఈ గోల ఎందుకు వినపడలేదు? రంగు పొరల మీదే బతికిన నాకు ఇందులో సందేహం లేదు. కింది పొర ఏమిటో, ఏ ఏడు దాని మీద ఏం వేశారో, ఎందుకు వేశారో రాసిపెడితే చరిత్రకు నష్టం రాదు. ఆ జెండా కింద తాతలు కొరడా దెబ్బలు తిన్న ఇంటి పిల్లవాడు కార్ల ప్రదర్శనకు వచ్చి దాన్ని తలెత్తి చూడాల్సిన అవసరమూ లేదు.

బాగుచేసే కార్యక్రమాల కాలం 2000 తర్వాత వచ్చింది. 2004లో టీఎల్‌సీలో మొదలైన 'ఓవర్‌హాలిన్' అందులో పెద్ద పేరు. యజమానికి తెలియకుండా అతని పాత కారు ఎత్తుకొస్తారు, అది పోయిందని అతన్ని నమ్మిస్తారు, వారంలో కొత్తదిగా చేసి ఇస్తారు. చిప్ ఫూస్ అనే డిజైనర్ గీసిన గీత ప్రకారం రూపం మార్చేస్తారు. శుద్ధతావాదులు దీన్ని తిడతారు. నేను తిట్టను. అక్కడ ఎవరూ ఇది ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చిందని చెప్పరు. మార్చామని చెప్పి మారుస్తారు. నాకు అభ్యంతరం వారం రోజుల గడువు మీదే. రేకు పని సరిగా చేసి, ప్రైమరు ఆరనిచ్చి, రంగు వేసే పనికి వెయ్యి గంటలు దాటడం మామూలు. వారంలో అవుతుందని కోట్లమందికి చూపిస్తే, ఊళ్లో నిజాయతీగా పనిచేసే బాడీ షాపు వాణ్ణి దొంగలా చూస్తారు.

అసలు హాని వేలాల ప్రసారాల వల్ల జరిగింది. స్కాట్స్‌డేల్ బారెట్-జాక్సన్, తర్వాత మీకమ్ వేలాలు గంటల తరబడి టీవీలో ప్రత్యక్షంగా రావడం మొదలయ్యాక ధరలు ఆకాశాన్నంటాయి. 2014లో సియాటిల్‌లో మీకమ్ వాళ్లు 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకదాన్ని 35 లక్షల డాలర్లకు కొట్టారు. మైకులో 'నంబర్స్ మ్యాచింగ్', అంటే కారుతో పుట్టిన ఇంజనే ఉంది, అని ఒక్క మాట అంటారు, కెమెరా చారల మీదికి జారుతుంది. ఆ నంబరు ఎక్కడుంటుందో, ఎలా చదవాలో చూపించరు. ఇంజను దిమ్మ మీద ఒక చదునైన చోట కారు సంఖ్యలో కొంత భాగం గుద్ది ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ చదును చేసిన బ్రోచ్ యంత్రం సన్నటి సమాంతర గీతలు వదులుతుంది. ఎవరైనా పాత అంకెలు అరగదీసి కొత్తవి గుద్దితే ఆ గీతలు పోతాయి, లేదా దిశ మారుతుంది. భూతద్దం పట్టుకుని ఇది చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. లక్షల డాలర్ల మీద ఊగే వేలంలో ఆ రెండు నిమిషాలు కేటాయించిన ప్రసారం నేను చూడలేదు.

అందుకే 'గ్రేవ్‌యార్డ్ కార్జ్' అంటే నాకు ఇష్టం. ఒరెగాన్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మార్క్ వోర్మన్ బృందం నడిపే షెడ్డు, 2012 నుంచి టీవీలో వచ్చింది. వాళ్లు పట్టేది పాత క్రైస్లర్, డాడ్జ్, ప్లిమత్ కార్లనే. బోనెట్ కింద బిగించిన చిన్న రేకు బిళ్ల మీది కోడ్‌లు ఒక్కొక్కటే చదివి, ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అలాగే చేయాలని చూస్తారు. కొంత అరుపులు, కొంత నాటకం ఉన్నాయి, అవి దాటుకుపోతే పాఠాలు ఉన్నాయి.

రంగు సంగతే తీసుకోండి. 1970లో జనరల్ మోటార్స్ వాడింది యాక్రిలిక్ లక్కరు. ఫోర్డు, క్రైస్లర్ వాడింది ఓవెన్‌లో కాల్చే ఎనామిల్. రెండిటి మీదా ఈనాటి కార్లకుండే పారదర్శకమైన క్లియర్ కోటు లేదు. ఎనామిల్ మీద సన్నటి ఎగుడుదిగుడు ఉండేది. తలుపు అంచుల్లో కారిన చారలుండేవి. కారు అడుగున రంగు తుంపర్లు సగం చోట్ల పడి, సగం చోట్ల ప్రైమరే కనపడేది. మిగతా టీవీ షెడ్లు ఇవన్నీ నున్నగా అరగదీసి, ఆ కాలంలో లేని రంగును అద్దంలా మెరిపించి 'కొత్తదాని కంటే బాగుంది' అని గర్వపడతాయి. కొత్తదాని కంటే బాగుంటే అది తప్పు చేసినట్టే. షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో నవంబరులో జరిగే మజిల్ కార్ల ప్రదర్శనలో నిపుణులు ఆ అతిమెరుపును కూడా పట్టుకుంటారు. వోర్మన్ బృందం అడుగుభాగంలో తుంపర్లను అలాగే వేస్తుంది. ఇన్‌స్పెక్టర్లు సుద్దతో, రంగు పెన్సిళ్లతో గీసిన గుర్తులను కూడా తిరిగి గీస్తుంది.

దీన్ని చాదస్తం అంటారు కొందరు. నాకలా అనిపించదు. 1970 కుడా, చాలెంజర్ కార్లు తయారైన చోట్లలో ఒకటి డెట్రాయిట్ మధ్యలో ఉన్న హామ్‌ట్రామిక్ ఊళ్లోని డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ. పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు, దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి వాళ్లు అక్కడ పనిచేశారు. 1968 మేలో లైను వేగం పెంచారని కార్మికులు యూనియన్ పిలుపు లేకుండానే పని ఆపేశారు. అందులోంచి డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్ అనే నల్లజాతి కార్మికుల సంఘం పుట్టింది. వంకరగా పడిన రంగు తుంపర, హడావుడిగా గీసిన సుద్ద గీత అంటే నిమిషానికి ఒక కారు మీదికొస్తుంటే ఊపిరి తీసుకోలేని మనిషి చెయ్యి. ఆ ఫ్యాక్టరీ 1980 జనవరిలో మూతపడింది, కూల్చేశారు. అక్కడ పనిచేసినవాళ్ల చేతి గుర్తులు మిగిలింది ఈ కార్ల మీదే. దాన్ని నున్నగా తుడిచేసి కంపెనీ బిళ్లను మాత్రం మెరిపించే బాగుచేత నాకు సమ్మతం కాదు.

ఇక రేకే కొత్తదైతే? డైనాకార్న్ అనే సంస్థ 1969 కమారో, 1967 మస్టాంగ్ బాడీలను లైసెన్సుతో మొత్తం కొత్త ఇనుముతో తయారుచేసి అమ్ముతోంది. పాత కారు నుంచి మిగిలింది వాహన సంఖ్య పలక మాత్రమే అయినప్పుడు, దాన్ని ఊడదీసి కొత్త బాడీకి బిగిస్తే అమెరికా ఫెడరల్ చట్టం చిక్కుల్లో పడేస్తుంది. చట్టం గుడ్డిగా కొడితే ఏమవుతుందో కాన్సాస్‌లో చూశాం. ఒకాయన 1959 కార్వెట్ కొని 2017లో రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే, వాహన సంఖ్య పలక రివెట్లు ఎప్పుడో బాగుచేసేటప్పుడు విప్పి మళ్లీ బిగించినట్టు ఉందని పోలీసులు కారు లాక్కున్నారు. కారు దొంగిలించింది కాదు, కొన్నవాడు దొంగ కాదు. 2022లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. పలక విప్పే ముందు ఫొటో తీసి, తేదీ రాసి కారుతో పాటు ఉంచే అలవాటు ఒక్కటి ఉండి ఉంటే ఎంత మనోవ్యథ తప్పేదో.

అన్నిటికంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది 1968 నాటి 'బుల్లిట్' సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ గురించి. సినిమాకు రెండు కార్లు వాడారు, వరస నంబర్లు. ఒకదాన్ని 1974లో కీర్నన్ కుటుంబం కొంది. ఆ ఇంటి ఇల్లాలు దాన్ని మామూలు కారులాగే వాడుకున్నారు. 1977లో మెక్‌క్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా వాళ్లు అమ్మలేదు. తర్వాత అది ఇంటిపట్టున ఉండిపోయింది. 2018లో డెట్రాయిట్ ఆటో షోలో బయటపెట్టినప్పుడు అదే పాత రంగు, అవే సొట్టలు, అదే తుప్పు. సినిమా కెమెరాలు బిగించడానికి అడుగున అతికిన ఇనుప ముక్కలు అలాగే ఉన్నాయి. టీవీ షెడ్డు చేతిలో పడి ఉంటే ముందుగా కోసిపారేసేవి ఆ ముక్కలనే. 2020 జనవరిలో ఫ్లోరిడాలో మీకమ్ వేలంలో అది 34 లక్షల డాలర్లు పలికింది, రుసుముతో 37 లక్షలు దాటింది.

రెండో కారు దశాబ్దాల పాటు కనపడలేదు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో ఒక తుక్కు కొట్టులో దొరికింది. కొన్నవాళ్లు దాన్ని 2000లో వచ్చిన 'గాన్ ఇన్ 60 సెకండ్స్' సినిమాలోని ఎలినార్ కారులా మార్చాలనుకున్నారు. ఆ ఎలినార్ కూడా షెల్బీ జీటీ500 పేరుతో మామూలు మస్టాంగులకు తొడిగిన వేషమే. పని ముదరకముందే వాహన సంఖ్య గురించి ఆరా తీశారు. 2017లో కెవిన్ మార్టీ వెళ్లి చూసి, సస్పెన్షన్ బిగించే చోట సినిమా వాళ్లు వేసిన అదనపు బలం అతుకులు సహా సరిపోల్చి, అదేనని తేల్చారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే ఒక నిజమైన కారు ఒక నకలు కిందికి మారిపోయేది.

మిషిగన్‌లో, టెక్సాస్‌లో మన తెలుగు కుర్రాళ్లు ఇప్పుడు ఈ కార్లు కొంటున్నారు. వుడ్‌వర్డ్ అవెన్యూలో ఏటా ఆగస్టులో జరిగే డ్రీమ్ క్రూజ్‌లో కనపడి, టీవీలో ఫలానా ఎపిసోడ్ చూశామండీ అని మొదలుపెడతారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. పాంటియాక్ అయితే డబ్బు కట్టకముందే ఇన్వాయిస్ నకలు తెప్పించుకోండి. 1967 నుంచి వచ్చిన ఫోర్డు అయితే మార్టీ రిపోర్టు. క్రైస్లర్ అయితే వెనక సీటు ఎత్తి చూడమని అడగండి. షెవ్రలే అయితే అమెరికాలో అమ్మినవాటికి అలాంటి కేంద్ర రికార్డు అందుబాటులో లేదు. చాలా కార్లకు తయారీ కాగితం పెట్రోలు ట్యాంకు పైన ఇరుక్కుని ఉంటుంది. ట్యాంకు దించి చూడనివ్వమనండి. కుదరదంటే, దాన్ని క్లోను, అంటే నకలు, అనుకుని, క్లోనుకు ఎంత ఇవ్వాలో అంతే చెప్పండి. క్లోను అని తెలిసి కొనుక్కుని నడుపుకుంటే అందులో ఏ లోపమూ లేదు, మళ్లీ అమ్మేటప్పుడు ఆ మాట కాగితం మీద రాసివ్వండి.